పల్లె నుంచి లాప్‌టాప్ పనికి ఏ కంపెనీ సిమ్, ఏ పరికరం?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఉండేది కోనసీమలో రాజోలు దగ్గర ఓ పల్లె. ఫైబర్ లైను ఇంకా రాలేదు. ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలో, నెలకో వారం గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లాలి. మిగతా రోజులు ఇంటి నుంచే: లాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే దారి), రోజుకు రెండు మూడు వీడియో మీటింగులు. జియో తీసుకోవాలా, ఎయిర్‌టెలా, బీఎస్ఎన్ఎలా, వీఐనా? డాంగిల్ (సిమ్ వేసి లాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే చిన్న పరికరం) కొనాలా, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుందా?

కంపెనీ పేరుతో మొదలుపెడితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పక్క ఊళ్లో మీ బావగారికి పరుగులు తీసే సిమ్ మీ పెరట్లో చతికిలబడవచ్చు. మూడు సంగతులు తేల్చుకోవాలి: మీరు కూర్చునే బల్ల దగ్గర ఏ టవరు ఏ బ్యాండులో (రేడియో తరంగాల పట్టీలో) అందుతోంది, సాయంత్రం జనమంతా ఫోన్లు పట్టుకునే వేళ ఆ టవరు ఎంత ఇవ్వగలదు, మీ పరికరానికి ఆ బ్యాండు తెలుసా లేదా. ప్లాను ధర ఆ తర్వాతి మాట.

బ్యాండుల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మన టెలికాం సర్కిల్ (లైసెన్సుల కోసం విడదీసిన ప్రాంతం) పేరు ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ కూడా అందులోనే ఉంది, కాబట్టి రాజోలుకూ గచ్చిబౌలికీ బ్యాండుల జాబితా ఒకటే. జియో 4జీ మూడు బ్యాండుల మీద నడుస్తుంది: 850 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 5), 1800 (బ్యాండ్ 3), 2300 (బ్యాండ్ 40). ఎయిర్‌టెల్‌కు 900 (బ్యాండ్ 8), 1800, 2100 (బ్యాండ్ 1), 2300 ఉన్నాయి. వీఐ ప్రధానంగా 900, 1800, 2100. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ 700 (బ్యాండ్ 28), 2100 మీద వస్తోంది. 5జీకి జియో, ఎయిర్‌టెల్ రెండూ 3300 మెగాహెర్ట్జ్ (ఎన్78) వాడతాయి, జియోకు అదనంగా 700 (ఎన్28) ఉంది.

మెగాహెర్ట్జ్ అంకె తగ్గేకొద్దీ సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. అంకె పెరిగేకొద్దీ బ్యాండు వెడల్పుగా ఉంటుంది, వేగం ఇస్తుంది, కానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. తక్కువ బ్యాండుల్లో కంపెనీ చేతిలో ఉండేది సాధారణంగా 5 లేదా 10 మెగాహెర్ట్జ్ వెడల్పే. మామూలు రెండు అంటెనాల 4జీ పరికరంతో 5 మెగాహెర్ట్జ్ మీద లెక్కల్లో వచ్చే గరిష్ఠం దాదాపు 37 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 20 మెగాహెర్ట్జ్ మీద 150. అది మీ ఒక్కరికి కాదు, టవరు ఆ దిక్కుకు పెట్టిన అంటెనా కింద ఉన్న అందరికీ కలిపి. ఫోన్లో గీతలన్నీ నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడానికి ఒక కారణం ఇదే: ఫోను 850నో 900నో గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఊరంతా అదే సన్నటి బాటలో ఉంది.

కోనసీమకు ఇంకో చిక్కుంది, కొబ్బరి తోటలు. దట్టమైన ఆకు, అందులోనూ వాన కురిసి తడిసిన ఆకు, ఎక్కువ ఫ్రీక్వెన్సీని బాగా మింగేస్తుంది. మీకూ టవరుకూ మధ్య నాలుగు ఎకరాల తోట ఉంటే 2300, 3300 వేసవిలో వచ్చి ఆగస్టులో మాయమయ్యే అవకాశం ఉంది. అందుకే పరీక్ష ఏ రోజుల్లో చేశారో గుర్తుపెట్టుకోండి. మే నెల ఫలితాన్ని చూసి ఏడాది ప్లాను వేయించుకోవద్దు.

ఇక కొలత. గీతలను నమ్మవద్దు, ప్రతి ఫోన్ కంపెనీ వాటిని తనకు నచ్చినట్టు గీస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్లో *#*#4636#*#* కొడితే ఫోన్ సమాచారం పేజీ వస్తుంది. శాంసంగ్‌లో చాలావాటికి *#0011#, ఐఫోన్‌కు *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి. ఇవేవీ తెరుచుకోకపోతే నెట్‌మాన్‌స్టర్ లాంటి ఉచిత యాప్ వేసుకోండి, బ్యాండు నంబరు కూడా చూపిస్తుంది. చూడాల్సినవి రెండు. ఒకటి ఆర్ఎస్ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం. ఇది మైనస్ అంకె, సున్నాకు దగ్గరైన కొద్దీ మంచిది. మైనస్ 90 కన్నా మెరుగ్గా ఉంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మైనస్ 100 దగ్గర నడుస్తుంది. మైనస్ 110 దాటితే మీటింగులో మీ ముఖం గడ్డకడుతుంది. ప్రతి 10 డెసిబెల్‌కు బలం పదో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకుంటే మైనస్ 95కీ మైనస్ 105కీ తేడా ఎంతో అర్థమవుతుంది. రెండోది ఎస్ఐఎన్ఆర్, అంటే గోలలో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందన్నది. 13 పైన బాగు, 20 పైన చాలా బాగు, సున్నా కిందకు పోతే బలం ఎంతున్నా ప్రయోజనం లేదు. రెండు టవర్ల మధ్యలో సమాన దూరంలో ఉన్న ఇళ్లలో ఆర్ఎస్ఆర్‌పీ అందంగా ఉండి ఎస్ఐఎన్ఆర్ 2, 3 దగ్గర కొట్టుకుంటుంది. అక్కడ ఫోనును ఒక టవరు వైపున్న కిటికీలోకి మార్చి, రెండో టవరును గోడ చాటుకు నెట్టడమే మందు.

సిమ్ కొనకముందే సగం పని అయిపోతుంది. ఇంటికొచ్చే చుట్టాలవో, పక్కింటి వాళ్లవో నాలుగు కంపెనీల ఫోన్లు ఒక్కోటి పది నిమిషాలు మీ బల్ల మీద పెట్టించి అంకెలు రాసుకోండి. తలుపులు వేసి చూడండి, అరుగు మీద నిలబడి కాదు. కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్లో మీ చోటు ఇస్తే చుట్టుపక్కల టవర్లు ఏ కంపెనీవో, ఏ టెక్నాలజీవో కనిపిస్తాయి. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టే కవరేజీ మ్యాపులు ఇంటి బయట లెక్క. లోపలి గదికి రెండు మెట్లు దించుకుని చదవండి.

రెండు కంపెనీలు తేలాయి అనుకుందాం. ఆ రెండు కంపెనీల సిమ్‌లు, కనీస రీఛార్జితో, మీ పేరు మీదే తీసుకోండి. ఒకరి పేరు మీద దేశం మొత్తం కలిపి తొమ్మిది మొబైల్ కనెక్షన్ల వరకే అనుమతి. ఇప్పటికే ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్లో చూసుకోవచ్చు. ఇప్పుడు అసలు పరీక్ష. ఉదయం ఆరుకు, పదకొండుకు, రాత్రి తొమ్మిదికి, ఒక ఆదివారం సాయంత్రం కూడా. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ చూడండి. జూమ్‌లో గ్రూపు మీటింగు 720పీలో నడవాలంటే దాదాపు 2.6 ఎంబీపీఎస్ పైకి, 1.8 కిందికి కావాలి. కాబట్టి డౌన్‌లోడ్ 40 వచ్చి అప్‌లోడ్ 0.8 వచ్చే కనెక్షన్ సినిమాలకు పనికొస్తుంది గానీ ఉద్యోగానికి కాదు. ఆ తర్వాత లాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి 1.1.1.1కి 300 సార్లు పింగ్ (అవతలి కంప్యూటరును పలకరించి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే ఆదేశం) పెట్టండి (విండోస్‌లో హైఫన్ ఎన్, పక్కన 300). ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నూటికి ఒకటి కన్నా ఎక్కువ పోయినా, సగటు 50 మిల్లీ సెకన్లుండి మధ్య మధ్య 400కి ఎగిరినా ఆ వేళకు మీటింగు కుదరదు. 5జీ మీద స్పీడ్ టెస్టు నొక్కేటప్పుడు ఒక జాగ్రత్త: 300 ఎంబీపీఎస్ వేగంతో పన్నెండు సెకన్లు నడిచినా 450 ఎంబీ అయిపోతుంది.

ఫలితాలను ఇలా చదవాలి. తెల్లవారుజామున బాగుండి రాత్రికి కుప్పకూలితే టవరు మీద జనం ఎక్కువ. కంపెనీ ఆ టవరుకు కొత్త బ్యాండు కలిపితే తప్ప బాగుపడదు, మీరు చేయగలిగింది తక్కువ. సిగ్నల్ బాగుండి రోజంతా ఒకే రకంగా నెమ్మదిగా ఉంటే టవరు నుంచి వెనక్కి వెళ్లే లైను సన్నం: ఫైబర్ లేకుండా మైక్రోవేవ్ డిష్‌తో మరో టవరుకు కలిపి ఉండొచ్చు. సిగ్నల్ అంకెలే బాగాలేకపోతే అది మీ చేతిలో ఉన్న పని. కిటికీ, ఎత్తు, అంటెనా మార్చి చూడొచ్చు.

ఇంకో పరీక్ష చాలామంది చేయరు: కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది? టవరుకు బ్యాటరీ, కొన్నిచోట్ల జనరేటరు ఉంటాయి. బ్యాటరీలు పాతబడిన చోట గంట రెండు గంటల కోతకే టవరు పడుకుంటుంది. లేదా ఎక్కువ కరెంటు తినే బ్యాండులు ముందు ఆగి, సన్నటి బ్యాండు ఒక్కటే మిగులుతుంది. మరమ్మతు కోసం పగలంతా లైను తీసే రోజు వస్తుందిగా, ఆ రోజు గంట గంటకూ రెండు సిమ్‌లూ చూసి రాసుకోండి. తుపాను దారిలో ఉన్న జిల్లాకు ఈ ఒక్క గమనిక మిగతా అన్నిటికన్నా విలువైనది కావచ్చు.

డేటా లెక్కకు వద్దాం. గ్రూపు వీడియో మీటింగుకు గంటకు దాదాపు 1 జీబీ అనుకోండి, మీ కెమెరా ఆపి ఎదుటివాళ్ల స్క్రీన్ మాత్రమే చూస్తే అందులో సగం కూడా కాకపోవచ్చు. మాట ఒక్కటే అయితే గంటకు 100 ఎంబీ లోపే. రిమోట్ డెస్క్‌టాప్ (ఆఫీసు కంప్యూటరును ఇంటి నుంచి నడపడం) మామూలు ఆఫీసు పనికి గంటకు 50 నుంచి 150 ఎంబీ. రెండు గంటల మీటింగులు, ఆరు గంటల రిమోట్ పని, మెయిళ్లు, ఫైళ్లు కలిపితే రోజుకు 3 జీబీ. ఇరవై రెండు పనిదినాలకు 66 జీబీ. దీని మీద విండోస్ నెలవారీ అప్‌డేట్, ఏడాదికోసారి కొన్ని జీబీల పెద్ద అప్‌డేట్.

రోజుకు 2 జీబీ ప్లాను ఇక్కడే బోల్తా కొడుతుంది. కోటా దాటాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 10 ఎంబీ అటాచ్‌మెంట్ వెళ్లడానికి ఇరవై నిమిషాలు పైనే. పైగా ఆదివారం మిగిలిన కోటా సోమవారం మీటింగుకు పనికిరాదు. లాప్‌టాప్ వాడకం రోజుకోలా ఉంటుంది కాబట్టి రోజు కోటా కన్నా నెల మొత్తానికి ఇంత అని ఇచ్చే పోస్ట్‌పెయిడ్ గానీ, మిగిలింది ముందుకు కలిపే ప్లాను గానీ, 30 రోజుల డేటా ప్యాక్ గానీ మేలు. డేటా ప్యాకుల్లో రెండు రకాలున్నాయి. అసలు ప్లాను నడుస్తుంటేనే పనిచేసేవి కొన్ని, సొంత గడువు ఉన్నవి కొన్ని. దుకాణంలో రీఛార్జి చేయించేముందు ఇది అడగండి. వీఐ కొన్ని ప్లాన్లలో అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా డేటాను కోటాలో లెక్కించదు. మీ దగ్గర వీఐ సిగ్నల్ పరీక్షలో నిలబడితే అప్‌డేట్లన్నీ ఆ వేళకు తోసేయొచ్చు.

‘అన్‌లిమిటెడ్ 5జీ’ సంగతి విడిగా చెప్పాలి. 2024 జూలైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ దీన్ని రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లకు మాత్రమే ఇస్తున్నాయి. మొదటి తిరకాసు: ఫోను 5జీ మీద ఉన్నంతసేపే అన్‌లిమిటెడ్. ఇంట్లో ఎన్78 అందక ఫోను చప్పుడు లేకుండా 4జీకి జారితే లాప్‌టాప్ లాగే ప్రతి ఎంబీ రోజు కోటాలోంచి పోతుంది. హాట్‌స్పాట్ పెట్టి స్నానానికి వెళ్లొచ్చేసరికి విండోస్ అప్‌డేట్ కోటా మొత్తం ఊడ్చేసే వైనం ఇదే. రెండోది: ఈ ఆఫరు వ్యక్తిగత వాడకానికి, 5జీ ఫోనుకు ఉద్దేశించింది. న్యాయమైన వాడకం పేరుతో పరిమితులుంటాయి. ఆ సిమ్ తీసి రౌటర్లో పెడితే అదే ఆఫరు వస్తుందని లెక్కేసుకోవద్దు. షరతుల పేజీలో హాట్‌స్పాట్, రౌటర్ అనే మాటలు వెతికి చదవండి. మూడోది: జియో 5జీ తన కాళ్ల మీద తాను నిలబడే రకం, ఎయిర్‌టెల్ ప్రధానంగా 4జీకి ఆనుకుని నడిచే రకం. ఈ రెండో రకంలో అంచున ఉన్న ఇంట్లో ఫోను 5జీ, 4జీల మధ్య ఊగుతుంటే ప్రతి మార్పుకూ మీటింగు ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది. అలాంటప్పుడు సెట్టింగుల్లో 4జీ మాత్రమే అని పెట్టేయండి. వేగం తగ్గినా నిలకడ వస్తుంది, కాకపోతే డేటా కోటాలోంచి పోతుందని గుర్తుంచుకోవాలి.

ఏ సిమ్ అయినా లాప్‌టాప్‌లో ముందు చేయాల్సింది ఒకటుంది. విండోస్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కు చెప్పే సెట్టింగు) ఆన్ చేయండి, వన్‌డ్రైవ్ ఆపండి, డెలివరీ ఆప్టిమైజేషన్‌లో అప్‌డేట్లను ఇతర కంప్యూటర్లకు పంపే ఆప్షన్ తీసేయండి. మ్యాక్‌లో లో డేటా మోడ్ ఉంది. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే విండోస్ దాన్ని ఈథర్‌నెట్ (వైరుతో వచ్చే నెట్) అనుకుంటుంది. అక్కడ మీటర్డ్ మళ్లీ విడిగా పెట్టాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

పరికరం విషయంలో నా మాట: ఆరు నెలల వరకు ఏమీ కొనకండి. ఈమధ్య వచ్చిన మామూలు ఫోన్లోనూ చౌక డాంగిల్ కన్నా మంచి మోడెమ్, ఎక్కువ బ్యాండులు, మెరుగైన అంటెనాలు ఉంటాయి. ఫోనును కిటికీలో పెట్టి, వైఫై ద్వారా లోపలి బల్లకు తెచ్చుకోండి. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో పెడితే వేగం, నడుమ రెండు గోడలుంటే 2.4 మేలు. లాప్‌టాప్‌కు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే అది 2.4కు అడ్డు తగులుతుంది, వేరే వైపు పోర్టుకు మార్చండి. ఫోను కదిలించేటప్పుడు మీటర్లలో కాదు, జానల్లో కదిలించండి: 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు, అందుకే జానెడు జరిపితేనే ఆర్ఎస్ఆర్‌పీ 5, 6 డెసిబెల్ మారుతుంది. కేబుల్ అన్నిటికన్నా నమ్మకం, ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. అయితే రోజంతా ఎండ పడే కిటికీలో, ఛార్జింగ్‌లో, హాట్‌స్పాట్‌తో ఉన్న ఫోను వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇనుప రేకుల వసారా కింద పెట్టకండి, సిగ్నల్ ఆ రేకు దాటి రాదు.

డాంగిల్ కొనాల్సే వస్తే పెట్టె మీద 4జీ అన్న మాట కాదు, బ్యాండు నంబర్లు చదవాలి. బ్యాండ్ 5 లేని డాంగిల్ జియోతో పట్నంలో ఎగిరి, పల్లెలో మూగబోతుంది. బ్యాండ్ 28 లేనిది బీఎస్ఎన్ఎల్ 700ను చూడనే చూడదు. పాత జియోఫై, కంపెనీ ముద్రతో అమ్మిన ఇతర డాంగిళ్లు చాలావరకు ఆ కంపెనీ సిమ్‌కే తాళం వేసి ఉంటాయి. కొత్త సిమ్ మొదటిసారి డాంగిల్లో పెట్టవద్దు. ముందు ఫోన్లో వేసి, వెరిఫికేషన్ కాల్ పూర్తి చేసి, డేటా వచ్చిందని చూసి అప్పుడు మార్చండి. ఏపీఎన్ (కంపెనీ డేటాకు కలిపే సెట్టింగు పేరు) తానుగా రాకపోతే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఖాళీ లేకుండా కొట్టి, ప్రోటోకాల్ దగ్గర ఐపీవీ4, ఐపీవీ6 (నెట్ చిరునామాల పాత, కొత్త పద్ధతులు) రెండూ కలిసి ఉన్న ఆప్షన్ ఎంచుకోండి.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ దుకాణాల సముదాయం) దొరికే పాత ఆఫీసు లాప్‌టాప్‌లకు పక్కన సిమ్ తొర్ర కనిపించి కొనేవాళ్లున్నారు. తొర్ర ఉన్నంత మాత్రాన లోపల మోడెమ్ కార్డు ఉన్నట్టు కాదు. డివైస్ మేనేజర్లో సెల్యులార్ పేరుతో ఏదైనా ఉందో లేదో దుకాణంలోనే చూడండి. ఉన్నా బ్యాండులు చూడాలి: ఎక్కువగా కనిపించే సియెర్రా ఈఎం7455 కార్డులో బ్యాండ్ 1, 3, 5 ఉన్నాయి గానీ 8, 28, 40 లేవు. ఫైబోకామ్ ఎల్850లో అవన్నీ ఉన్నాయి. కార్డు విడిగా కొని వేద్దామంటే లెనోవో, హెచ్‌పీ పాత మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు కనిపిస్తే బూట్ కావు. కార్డు వరకు వెళ్లే రెండు అంటెనా వైర్లు మూత లోపల ముందే వేసి ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి. లేకుంటే తెర విప్పాల్సిన పని.

లోపల మైనస్ 112, డాబా మీద మైనస్ 92 వస్తుంటే అప్పుడు బయట అంటెనా గురించి ఆలోచించండి. ఇక్కడ జరిగే పొరపాటు, దిక్కు చూసే అంటెనా పైన పెట్టి పదిహేను మీటర్ల సన్న కేబుల్ కిందికి దించడం. అంటెనా తెచ్చిన లాభమంతా ఆ కేబులే తినేస్తుంది. 4జీకి రెండు అంటెనాలు, రెండు కేబుళ్లు కావాలి, ఒక్కటే పెడితే వేగం సగానికి పడుతుంది. దీనికన్నా వాన తగిలినా ఫర్వాలేని బయటి రకం 4జీ రౌటర్ కొని, పైన బిగించి, నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపి కిందికి తెచ్చుకోవడం మేలు. నెట్‌వర్క్ కేబుల్ ముప్పై మీటర్లు లాగినా సిగ్నల్ పోదు. పిడుగుల కాలంలో ఆ కేబుల్‌కు సర్జ్ ప్రొటెక్టర్, ఎర్తింగు తప్పనిసరి. ఆన్‌లైన్లో అమ్మే మొబైల్ బూస్టర్ల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా పెట్టడం నేరం. పైగా అది చుట్టుపక్కల అందరి సిగ్నల్‌నూ చెడగొడుతుంది, టెలికాం శాఖ వాళ్లు వచ్చి తీయించేస్తారు.

వీపీఎన్ గురించి. మొబైల్ నెట్‌లో మీకు సొంత ఐపీవీ4 చిరునామా రాదు, వేలమందికి కలిపి ఒకటి ఉంటుంది. అందువల్ల బయటి నుంచి మీ లాప్‌టాప్‌కు నేరుగా కలిసే పని ఏదీ నడవదు, ఇంటి ఐపీని అనుమతి జాబితాలో పెట్టుకుంటామని మీ ఐటీ వాళ్లంటే అది కుదరదని ముందే చెప్పండి. లోపలి నుంచి బయటకు పోయే వీపీఎన్‌కు ఇబ్బంది లేదు. వీపీఎన్ కలిసి, మెయిల్ హెడ్డింగులు వచ్చి, పెద్ద పేజీలు, ఫైళ్లు మాత్రం తెరుచుకోకపోతే అది ప్యాకెట్ (నెట్‌లో ఒకసారి పోయే డేటా ముక్క) సైజు సమస్య. జియో లాంటి నెట్‌లో లోపల ఐపీవీ6 మీద ప్రయాణం, ఐపీవీ4 ప్యాకెట్‌ను దాని హెడ్డరులోకి మార్చేటప్పుడు 20 బైట్లు పెరుగుతుంది, దానిపైన వీపీఎన్ తన పొర వేస్తుంది. వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూను (ప్యాకెట్ గరిష్ఠ సైజును) 1300కు తగ్గించమని ఐటీ వాళ్లకు చెప్పండి, ఎక్కువ కేసులు అక్కడితో తీరతాయి. పది నిమిషాలు ముట్టుకోకపోతే వీపీఎన్ తెగిపోతుంటే కీప్‌అలైవ్‌ను (లైను తెగకుండా మధ్య మధ్య పంపే చిన్న సంకేతాన్ని) 25 సెకన్లకు పెట్టమనండి. ఈ పరీక్షలన్నీ ఏడాది ప్లాను వేయించకముందే, అసలు ఆఫీసు వీపీఎన్‌తోనే చేయాలి.

గచ్చిబౌలి వారానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. అక్కడ అన్ని కంపెనీలకూ టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. కొరత సిగ్నల్‌కు కాదు, ఆఫీసు వేళల్లో ఖాళీకి. అద్దాల భవనాల్లో పూతపూసిన గాజు 3300ను బాగా ఆపుతుంది. గదిలో సిగ్నల్ పడిపోతే కారిడార్లో ఉండొచ్చు, లేదా భవనం లోపలే కంపెనీ పెట్టిన చిన్న అంటెనాల ఏర్పాటు ఉందేమో అడగండి. హాస్టల్, పీజీ గదుల్లో వైఫై ఎలాగూ ఉంటుంది. కాబట్టి ఎంపిక ఊరి సిగ్నల్‌ను బట్టే చేయండి.

ఏజెన్సీ వైపు, పాడేరు, మారేడుమిల్లి, ఉట్నూరు లోపలి గూడేల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు లెక్క వేరు. అక్కడ కొన్ని చోట్ల అందేది బీఎస్ఎన్ఎల్ ఒక్కటే. 2025 సెప్టెంబరు 27న స్వదేశీ పరికరాలతో దాని 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించారు. పాత 2జీ, 3జీ కాలం సిమ్ అయితే ముందు కస్టమర్ కేంద్రంలో 4జీ సిమ్‌గా మార్పించుకోండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, బ్యాంకు ఓటీపీలు అవసరమయ్యే రోజు ఆ పని పెట్టుకోవద్దు.

మీకు నేను చెప్పేది రెండు కంపెనీలు. పనికి ఒకటి, ఆదుకోవడానికి ఒకటి, రెండూ ఒకే ఫోన్లో. రెండోదాన్ని ఎంచేటప్పుడు వేగం చూడకండి, మొదటిది పడినప్పుడు నిలిచేది ఏదో చూడండి. తరంగ్ సంచార్లో రెండు కంపెనీలూ ఒకే స్తంభం మీద ఉన్నట్టు కనిపిస్తే కరెంటు పోయిన రోజు రెండూ ఒకేసారి పోవచ్చు. వేరే స్తంభం మీదున్న నెమ్మదైన కంపెనీయే అప్పుడు మంచి జత. పరీక్ష ఫలితం రాకముందే, అదీ మీ తోటల మధ్య, పందెం కాయమంటే పనికి జియో లేదా ఎయిర్‌టెల్‌లో 1800 మెగాహెర్ట్జ్ గట్టిగా అందేది, రెండోదానికి మిగిలిన వాటిలో కరెంటు కోత తట్టుకునేది అంటాను.

బ్యాంకు, ఆధార్‌కు జోడించిన పాత నంబరును డేటా కోసం పోర్ట్ చేయకండి, దాన్ని అలాగే ఉంచి డేటాకు కొత్త సిమ్ తీసుకోండి. డేటా సిమ్ నచ్చకపోతే నష్టం ఒక్క రీఛార్జే. పోర్ట్ చేయక తప్పదనుకుంటే ఆ నంబరు ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు, సిమ్ మార్పించి ఏడు రోజులు దాటి ఉండాలి. ఇంగ్లిష్‌లో పోర్ట్ అని, ఖాళీ ఇచ్చి నంబరు కొట్టి 1900కు ఎస్ఎంఎస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన సర్కిల్లో దాని గడువు నాలుగు రోజులు. సర్కిల్ లోపలే అయితే మూడు పనిదినాల్లో మారుతుంది, మారే రోజు కొన్ని గంటలు సిగ్నల్ ఉండదు. కాబట్టి శుక్రవారం సాయంత్రానికి పడేలా చూసుకుని, ఆ పూటకు రెండో సిమ్‌లో డేటా ఉందో లేదో ముందే చూసుకోండి.